సాక్సుల మిల్లులో ఆగిన చప్పుడు

“కారు నువ్వు నడుపు లియోటా. నేను అక్కకి ఊరు చూపిస్తాను,” అన్నాడు మా ఆయన ఎమర్సన్. వెనక సీట్లోంచి గడ్డిపోచలూ కుక్క వెంట్రుకలూ ఏరుతున్నాను నేను. పాలు తీసి, కొట్టం కడిగి, మ్యూరియల్ వదినకి ఇష్టమని ‘ఆపిల్ పై’ చేసి ఓవెన్లో పెట్టి, దించి, అప్పుడే బయటికొచ్చాను. వాంకూవర్‌లో స్థిరపడ్డ వదిన మా కార్స్‌ఫర్డ్‌కి రావడం చాలా ఏళ్ళ తర్వాత ఇదే.

అక్కాతమ్ముళ్ళిద్దరూ వెనక కూర్చున్నారు. ముందు నేనొక్కదాన్నే, టాక్సీ డ్రైవర్‌లా. “అదిగో నా మొక్కజొన్న. అది నేను కట్టించిన కొట్టం. అవి నా ఆవులు.” ప్రతి మలుపులోనూ ‘నా’. ఆ ఆవుల్లో సగం ఈ లోకంలోకి వచ్చింది నా చేతుల్లోకే. చలికి వణికే దూడలను నా కోటులో చుట్టి వంటింటి పొయ్యి పక్కన పడుకోబెట్టుకున్నాను. ఏ ఆవుకి ఏ పేరు పెట్టానో ఆయన ఇప్పటికీ నన్నడిగే పిలుస్తాడు. అయినా ‘నా ఆవులు’ అన్నప్పుడు ఆయన గొంతులో ఎక్కడా తడబాటు లేదు. నాకూ అలవాటైపోయింది, వర్షం చప్పుడులా.

వంతెన దాటుతుండగా అన్నాడు, “ఏప్రిల్లో మందని మా కర్టిస్‌కి అప్పజెప్పేస్తున్నానక్కా. టౌన్లో మెట్లు లేని చిన్న ఇల్లు కూడా మాట్లాడేశాను. లియోటాకి కాస్త విశ్రాంతి.”

నేనా మాట వినడం అదే మొదటిసారి. నా కొడుకు కర్టిస్‌కి తెలుసు, ఆ టౌన్ ఇంటి ఓనరుకి తెలుసు. నాకు మాత్రం నా వీపు వెనక నుంచి, మాటల మధ్యలో. అద్దంలో చూశాను. నేను విన్నానో లేదో అన్న ఆలోచన కూడా ఆయన ముఖంలో లేదు.

ఏటి ఒడ్డున ఎర్ర ఇటుకల పాత సాక్సుల మిల్లు కనబడగానే వదిన, “ఇందులో మనవాళ్ళెవరైనా పనిచేశారా?” అంది.

“ఎవరూ లేరు. లియోటా ఏదో కొన్నాళ్ళు, కాలక్షేపానికి వెళ్ళేది.”

పిడుగు పడి పాత కొట్టం కాలిపోయిన ఏడాది చేరాను నేనందులో. ఆ తర్వాత నాలుగు చలికాలాలు మా ఇంట్లో కాలిన బొగ్గూ, ఉడికిన తిండీ ఆ కాలక్షేపంతో వచ్చినవే. మిల్లు ముందు కారు ఆపి దిగాను.

ఇప్పుడక్కడ పాత సామాన్ల కొట్లూ, ఒక కాఫీ కౌంటరూ ఉన్నాయి. నేల చెక్కల్లో ఉన్ని నూనె వాసన ఇంకా పోలేదు. కౌంటర్ వెనక డెల్ఫిన్. ఒకప్పుడు నా పక్క మిషన్ ఆమెది.

“ఒసేయ్ లియోటా! బతికే ఉన్నావా? ఆవులు నిన్ను వదిలాయా?” అని అరిచి, నా వెనకున్న వాళ్ళని చూసింది. “ఈవిడెవరో తెలుసా మీకు? బాత్రూముకి పోవాలంటే మెడలో చెక్క బిళ్ళ వేసుకోమనేవాడు మా ఫోర్‌మన్, పశువుల్లాగా. నేను ఏడో నెల కడుపుతో ఉన్నాను. బిళ్ళ ఖాళీ లేదు, కూర్చో అన్నాడు. ఈ పిల్ల లేచి తన మిషన్ ఆపేసింది. వాడు ‘ఆన్ చెయ్’ అంటే, ‘ఆవిడ వెళ్ళొచ్చాక’ అంది. అంతే! వరస వెంట వరస, మొత్తం మిల్లు ఆగిపోయింది. ఆ బిళ్ళ మళ్ళీ ఎవరి మెడలోనూ పడలేదు తల్లీ!”

వదిన నోరు తెరిచి నన్నే చూస్తోంది. “ఈ సంగతి నువ్వు చెప్పలేదేంట్రా ఎమర్సన్?” అంది.

“నాకు... నాకు తెలీదక్కా.”

మిల్లు ఆగిన రోజు ఇంటికొచ్చి ఎమర్సన్‌కి చెప్పబోయాను. “మిల్లు కబుర్లు గేటు దగ్గరే వదిలెయ్. టీ పెట్టు,” అన్నాడు. టీ పెట్టాను.

నా మిషన్ ఉండిన చోట కిటికీ పక్కన నిలబడ్డాను. ఆఖరి మిషన్ కూడా ఆగినప్పుడు కింద ఏరు వినిపించింది మాకు. అన్నేళ్ళుగా అక్కడే పారుతున్నా, ఆ రోజే విన్నాం. ఫోర్‌మన్ ఆన్ చెయ్యమంటున్నా, చెయ్యి మీట మీంచి తియ్యలేదు. ఆ చెయ్యి నాదేనని తలచుకుంటే గుండె నిండిపోయింది.

కారు దగ్గర ఎమర్సన్ తల వంచుకుని, “అయితే ఏప్రిల్లో ఆ ఇంటికి...” అని నసిగాడు.

“నీకు మెట్లెక్కడం కష్టంగా ఉంటే నువ్వెళ్ళు. నేను రాను,” అన్నాను, గొంతు పెంచకుండానే. “కర్టిస్‌కి ఫోన్ చేసి చెప్పు. మంద కావాలంటే అమ్మనడగాలని.”