సోబరన్ ఉస్తాద్ మింగిన మేకు

మా కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉంది. నోట్లో మేకులున్న మనిషిని నవ్వించకూడదు. వాణ్ణి తిట్టవచ్చు, వాడి టీ తాగేయవచ్చు, వాడి మామగారి గురించి నోటికొచ్చింది అనవచ్చు, నవ్వించడం మాత్రం కూడదు. ఆగ్రాలో బూట్లు చేసే ఏ గల్లీకి వెళ్లినా ఇదే మాట. కొయ్య అచ్చు మీదకు తోలు లాగి బిగించేటప్పుడు ఎడమ చేయి తోలును వదలదు, కుడి చేయి సుత్తిని వదలదు. ఇక మేకులు అందించేది నోరే. చిన్న మేకులు దవడలో పోసుకుంటాం. నాలుక ఒక్కొక్కదాన్ని తిప్పి, తల ముందుకు, మొన వెనక్కు ఉండేలా పెదాల మధ్యకు తెస్తుంది. ఆ సమయంలో ఎవరైనా ఏదైనా అడిగితే సుత్తితోనే జవాబు. ఒక దెబ్బ అంటే అవును, రెండంటే కాదు.

పద్దెనిమిదేళ్లుగా అదే చాప మీద కూర్చుంటున్నాను. ఈ కట్టుబాటు నాకు తెలియదని ఎవరూ అనలేరు. అయినా నా నోరు ఊరుకోలేదు.

అది డిసెంబరు నెల. ఎదురుగా సోబరన్ ఉస్తాద్ పని చేసుకుంటున్నాడు. నాకు పని నేర్పింది ఆయనే. అరవై రెండేళ్లొచ్చినా చేతిలో వణుకు లేదు. బూటుకు ఇరవై మేకులు లెక్కపెట్టి నోట్లో పోసుకుంటే, బూటు బిగిసేసరికి నోరు ఖాళీ అవ్వాల్సిందే. అప్పుడే మా సరుకు కొనే సేఠ్ వచ్చాడు. కొత్త బూటు వేసుకున్న కాలు మా ముందుకు చాపి, "చూడండ్రా, విలాయతీ సరుకు. మా బావమరిది పంపాడు. ఇదీ పనంటే! మీరూ ఉన్నారు, దేనికి?" అన్నాడు.

ఉస్తాద్ ఆ బూటు వంక చూశాడు. నేనూ చూశాను. పక్కన పనిచేసే ఘమండీ కూడా చూశాడు. మడమ దగ్గర ఆ మడత వేసే చేయి ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. నిరుడు చలికాలంలో ఆ జత మా చాప మీదే పుట్టింది. నేను మెల్లగా అన్నాను: "చూశారా ఉస్తాద్? మీ బిడ్డ విలాయత్ వెళ్లొచ్చి కన్నతండ్రినే గుర్తుపట్టట్లేదు."

ఉస్తాద్ భుజాలు ఎగిరాయి. ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది. అంతలోనే కళ్లు పెద్దవయ్యాయి, గొంతు ఒక్కసారి కదిలింది. తన బూటు అందానికి ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయనుకుని సేఠ్ మురిసిపోతూ వెళ్లిపోయాడు.

ఉస్తాద్ పని ఆపలేదు. కానీ చివర ఒక మేకు పట్టే చోటు మిగిలిపోయింది. ఆయన నాలుక రెండు దవడలూ వెతికింది.

"ఒకటి తక్కువైంది," అన్నాడు.

"కింద పడుంటుంది లెండి ఉస్తాద్," అన్నాను.

నోరు ఖాళీగానే ఉన్నా ఆయన సుత్తి అందుకుని రెండు దెబ్బలు కొట్టాడు. మేకు ఆయన కడుపులోకి పోయింది.

ఘమండీకి బుర్ర తక్కువ, హడావుడి ఎక్కువ. నేల మీద రాలిన మేకులు ఏరే అయస్కాంతం తెచ్చి ఉస్తాద్ కడుపు మీద దువ్వడం మొదలుపెట్టాడు. "తగుల్తోంది ఉస్తాద్, తగుల్తోంది! కదలకండి!"

"అది నా స్వెట్టరు పిన్నీసురా గాడిదా," అన్నాడు ఉస్తాద్.

ఇంటికి తీసుకెళ్తే ఉస్తాద్ భార్య ఓంవతి చాచీ ఆరు అరటిపళ్లు తినిపించి, పైన కిచిడీ పెట్టింది. "ఎట్లా మింగావయ్యా? చిన్నపిల్లాడివా?" అని తల కొట్టుకుంది.

"దగ్గొచ్చింది," అన్నాడు ఆయన. నా వైపు చూడలేదు. నేనూ నోరు మూసుకున్నాను. మూయవలసిన వేళ మూయని నోరు అప్పుడు ఎంత బాగా మూసుకుందో!

తెల్లారి ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరమ్మ పొట్టి మనిషి, తల నెరిసింది, గొంతు మాత్రం కంచు. ఎక్స్‌రే తీయించి దీపం ముందు పెట్టింది. ఎముకల నీడల మధ్య మా మేకు తెల్లగా కనిపించింది. మొన కిందికి ఉంది. అయస్కాంతం సంగతి విని ఆవిడ మండిపడింది.

"పేగుకు గుచ్చుకుని ఉంటే ఏమయ్యేది? నిన్ననే వచ్చుంటే గొంతులోంచి గొట్టం దించి తీసేసేవాళ్లం. ఇప్పుడది కడుపు దాటి పేగుల్లోకి దిగింది. కదులుతున్నంతసేపు ఆగుతాం. ఒకేచోట నిలిచినా, నొప్పొచ్చినా, జ్వరమొచ్చినా కోయాల్సిందే."

"కోస్తే?" అంది చాచీ.

"ఈ వయసులో, ఇంత బలహీనమైన గుండెతో కోయడమంటే ఆలోచించాలమ్మా," అంది డాక్టరమ్మ.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఈయన పోతే చంపింది నేనే.

మర్నాడు ఇంకో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి మమ్మల్ని పిలిచింది. మేకు కిందికి జరిగింది. అంతే కాదు, తిరిగింది. తల ముందుకు వచ్చింది, మొన వెనక్కు వెళ్లింది.

"ఎవరు తిప్పారు దీన్ని?" అన్నాడు ఉస్తాద్.

"నీ పేగే," అంది ఆవిడ. ఆ గొంతు కూడా కాస్త మెత్తబడింది. "మొన తగిలిన చోట పేగు వెనక్కి తగ్గుతుంది, గుంటలా అవుతుంది. చుట్టుపక్కల పేగు మెల్లమెల్లగా మేకును దొర్లిస్తుంది. మొద్దుగా ఉన్న వైపు ముందుకొచ్చేదాకా దొర్లిస్తుంది. ప్రతిసారీ కుదరదు. కుదిరినప్పుడు మాత్రం ముప్పై ఏళ్లుగా చూస్తున్న నాకే వింతగా ఉంటుంది."

ఉస్తాద్ దవడలో నాలుక కదలడం చూశాను. తనకు తెలియకుండానే ఆయన లేని మేకును తిప్పుతున్నాడు.

"దానికి ఎవరు నేర్పారు డాక్టరమ్మా?"

"ఎవరూ నేర్పలేదు. పుట్టుకతోనే వస్తుంది. నీకైనా నాకైనా."

"నాకీ పని రావడానికి మూడేళ్లు పట్టింది," అన్నాడు ఉస్తాద్. "మా నాన్న చేత ఎన్ని దెబ్బలు తిన్నానో. దీనికి కళ్లు లేవు, వేళ్లు లేవు, దీపం లేదు. ఒక్కరోజులో చేసేసింది."

చెయ్యి నా పొట్ట మీదకు దానంతటదే వెళ్లింది. వరండాలో బల్లల మీద కూర్చున్న వాళ్లను చూశాను. బీడీ కాల్చుకునే ముసలాయన, బిడ్డకు పాలిచ్చే తల్లి, నిద్రపోతున్న కాపలావాడు. వీళ్లందరి లోపలా అంత పనితనం ఉందని, ఒక్కరికీ ఆ సంగతి తెలియదని తలుచుకుంటే నాకు భయంలాంటి భక్తి కలిగింది.

మూడో రోజు మేకు కదల్లేదు. అదే చోట, అదే తీరుగా ఉంది. సాయంత్రం నుంచి ఏమీ పెట్టవద్దని, పొద్దున్నకీ ఇలాగే ఉంటే కోస్తామని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. చాచీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నిజం చెప్పేద్దామని ఆమె పక్కన కూర్చున్నాను. చెప్పలేకపోయాను. ఉస్తాద్ మాత్రం పడుకుని, కడుపు మీద అరచెయ్యి పెట్టుకుని, పనిలో ఉన్న మనిషిని కదపనట్టు కదలకుండా ఉన్నాడు.

నాలుగో రోజు పొద్దున ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే ముందు మళ్లీ ఎక్స్‌రే తీశారు. మేకు బాగా కిందికి వచ్చేసింది, తల ముందుకే ఉంది. డాక్టరమ్మ ఆపరేషన్ ఆపించింది. పదింటికి ఉస్తాద్ కింద పెట్టిన రేకు బేసిన్‌లో టంగుమని చప్పుడైంది. నా జీవితంలో అంత శుభ్రమైన చప్పుడు వినలేదు. చాచీ దాన్ని కడిగి తెచ్చింది. మొన మొనలాగే ఉంది. దాని మీద నెత్తురు చుక్క లేదు.

రెండు రోజుల తర్వాత ఉస్తాద్ కార్ఖానాకు వచ్చాడు. అందరూ చుట్టూ చేరారు. ఘమండీ అప్పుడే తన అయస్కాంతం వల్లే మేకు దారిలో పడిందని చెప్పుకుంటున్నాడు. ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

"ఉస్తాద్, అది దగ్గు కాదని అందరి ముందూ చెప్పేస్తున్నాను. మీ నోట్లో మేకులుండగా నేను నవ్వించాను. ఇన్నాళ్లూ దాచాను."

"తెలుసురా బనీ. నవ్వింది నేనేగా," అన్నాడు ఉస్తాద్. నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నువ్వా మాట అనకపోతే, నా కడుపులో నాకంటే పెద్ద ఉస్తాద్ కూర్చున్నాడని నాకు తెలిసేదే కాదు. అరవై రెండేళ్లు వాడికి రొట్టెలు పెట్టాను గానీ, ఒక్కసారీ జై భీమ్ అని దండం పెట్టలేదు."

కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా చెంప మీద ఒక్కటి పీకాడు.

"ఇది మాత్రం కార్ఖానా తరఫున," అన్నాడు.

చెవి గుయ్యిమంది. ఆయన చేతిలో ఇంకా అంత బలం ఉన్నందుకు నాకు ఏడుపు ఆగలేదు.