వేరుపడిన తారీకు

గుడియాత్తంలో బస్సెక్కి పళ్ళికొండ దాటేలోపల గుణశేఖర్, అంబిక తమ పన్నెండేళ్ల సంసారాన్ని పంచేసుకున్నారు. గొడవ పడలేదు. గొడవ పడాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి కదా, అది ఇద్దరికీ ఎప్పుడో అయిపోయింది.

పోయిన వారం వేలూరు లాయరు తిరువేంగడం ఒక కాగితం మీద తమిళంలో ఐదు అంశాలు రాసిచ్చాడు. బిడ్డ, ఇల్లు, నగలు, భరణం, వేరుపడిన తారీకు. "కోర్టులో వేసేముందు ఇవన్నీ మీలో మీరు తేల్చుకోని రాండప్పా. అక్కడికి పోయినాక తేల్చుకుంటామంటే జడ్జి మిమ్మల్ని తిడతాడు, మీరు నన్ను తిడతారు" అని చెప్పి పంపించాడు.

ఆ కాగితం మడతపెట్టి గుణశేఖర్ చొక్కా జేబులో ఉంది. అంబిక కిటికీ పక్కన, అతను ఇటు చివర, మధ్యలో ఆమె సంచి. చూసేవాళ్లకు ఏ పెళ్లికో పోతున్న ఆలుమగల్లాగే ఉన్నారు.

"ఆర్తి నా దగ్గిర" అంది అంబిక.

"సరి. ఈ ఏడు అయ్యేదాకా బడి మార్చొద్దు."

"మార్చను. ఐదో క్లాసు అయినాకే బాగాయం పిల్చుకోని పోతా. ఆదివారం నువ్వొచ్చి చూసుకో, ఎవురు వద్దన్నారు."

బాగాయంలో ఆమె అన్న ఇంటి మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. అక్కడికి దగ్గరలోనే కుట్టుపని కూడా మాట్లాడుకుంది. ఇక ఇల్లు గుణశేఖర్ నాయన కట్టింది. అందులో ముందు గదంతా గుంటమగ్గమే. నేలలోకి తవ్విన మగ్గాన్ని పెకలించి ఎవరు మాత్రం ఎక్కడికి మోసుకుపోతారు? నగలంటే ఆమె మెడలోది, చెవులవి, అవి ఆమెవే. భరణం వద్దంది, బిడ్డ చదువు మాత్రం చూసుకోమంది. సరేనన్నాడు. లోకంలో జనం ఏండ్ల తరబడి కొట్టుకునే సంగతులు వీళ్లకు ముప్పావు గంటలో తేలిపోయాయి. ఐదో అంశం గురించి ఇద్దరూ మాట్లాడలేదు. తారీకుదేముంది, క్యాలెండరు చూసి చెప్పేదే కదా అనుకున్నాడు గుణశేఖర్.

అంబిక అన్న మాత్రం నిన్న ఫోన్ చేసి, ఆడి మాసం పోనీయండి, ఆవణి నెలలో దాఖలు చేద్దాం అన్నాడట. ఆ మాట గుర్తొచ్చి గుణశేఖర్‌కు నవ్వు రాబోయింది. మంచి పనులకు ఆడి అడ్డం గానీ, తెంచుకునేదానికి కూడా ముహూర్తమా! పక్కకు తిరిగి ఆమెతో అందామనుకున్నాడు. ఇలాంటివి చెప్పుకుని నవ్వుకునే అలవాటు ఒకప్పుడు ఉండేది. నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

తిరువేంగడం ఆఫీసు సత్తువాచ్చేరిలో కోర్టుకు ఎదురు వీధిలో, మేడ మీద. ఆయనది అరక్కోణం. ఇంట్లో తెలుగు, కోర్టులో తమిళం, కాగితం మీద ఇంగ్లీషు. తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు, ఆ విషయంలో ఆయనకూ ఈ నేతగాళ్లకూ తేడా లేదు.

నాలుగు అంశాలూ చకచకా రాసుకున్నాడు. ఇంత సుళువుగా తేల్చుకొచ్చినవాళ్లను చూసి లాయరుకే దిగులేసినట్టుంది, కళ్లద్దాలు తీసి ఒకసారి ఇద్దర్నీ చూశాడు.

"సరి. ఇద్దురూ ఒప్పుకోని వేసే కేసులో ఒక సంవత్సరం వేరుగా ఉండినారని చెప్పల్ల. ఒకే కప్పు కింద ఉండినా పర్వాలేదు, ఆలుమగలుగా బతకలేదంటే చాలు. ఎప్పుటి నించి?"

"పోయిన సంవత్సరం ఆని నెల నించి సార్" అన్నాడు గుణశేఖర్. "అప్పుటి నించే ఆయమ్మ వేరేగా వండుకుంటా ఉండాది."

"సరిగ్గా సంవత్సరం దాటినాది. మంచిది" అని లాయరు కలం తీశాడు.

"కాదు సార్" అంది అంబిక.

ఆమె సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. కవర్లోంచి నాలుగు మడతలు పెట్టిన ఆసుపత్రి చీటీ తీసి బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర కాగితం చిరిగిపోతే వెనకనుంచి అంటించి ఉంది.

"మూడేండ్ల కిందట. ఈ తారీకు. ఆ దినం నించి నేను ఈయన పక్కన పడుకోలేదు. అడగండి."

గుణశేఖర్‌కు చెవులు వేడెక్కాయి. ఆ చీటీ ఆమె దాచిందని అతనికి తెలియదు. అది నిజమే, ఆ రోజు తర్వాత ఆమె చాప ఆర్తి పక్కకు మారింది. ఒళ్లు కుదుటపడాలని, తర్వాత మనసు కుదుటపడాలని, తర్వాత అదే అలవాటయిందని అతను అనుకుంటూ వచ్చాడు.

"అది వద్దు సార్. ఆని నెలే రాయండి."

"ఎందుకప్పా? ఏది రాసినా కేసుకు నష్టం లేదు. ఇద్దురూ ఒకే మాట చెప్పల్ల, అవ్వళవుదాన్, అంతే."

"ఆ తారీకు రాస్తే..." గుణశేఖర్ చీటీ మీద చెయ్యి పెట్టాడు. "నేనే బిడ్డను చంపినట్టు ఉంటాది సార్."

లాయరు కలం మూత పెట్టేశాడు. "కాగితంలో తారీకే ఉంటాది, కారణం ఉండదు. కిందికి పోయి టీ తాగి రాండి. ఒక తారీకుతో రాండి."

టీ కొట్టు బయట ఒక పొడుగు బల్ల ఉంది. రెండు గ్లాసులు తెచ్చి ఒకటి ఆమెకిచ్చాడు. ఎండ అప్పుడే మండిపోతోంది. ఇద్దరూ టీ వైపే చూస్తూ కూచున్నారు.

మూడేండ్ల కిందట, ఊరి అమ్మవారి సిరసు పండగ ఇంకో వారం ఉందనగా జరిగింది ఆ సంగతి. పండగకు మగ్గం ఖాళీగా ఉండకూడదని గుణశేఖర్ ఆ పొద్దున పడుగుకు గంజి పెట్టుకున్నాడు. వీధి పొడుగునా కర్రల మీద పడుగు సాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు లాగుతూనే ఉండాలి. దారం ఆరేదాకా చెయ్యి ఆగకూడదు. ఆగితే దారం దారానికి అంటుకుని పడుగంతా పాడవుతుంది. తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపల ముగించాల్సిన పని, ఇంటివాళ్లతో అయ్యేది కాదు. వీధివాళ్లంతా వచ్చి సాయం పడతారు, రేపు వాళ్ల పడుగుకు మనం పోతాం. అందులోనూ గుణశేఖర్ కుంచె అంటే ఆ వీధిలో పేరు. అతను లాగిన పడుగులో దారం తెగదని చెప్పుకునేవాళ్లు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

అంబికకు అప్పుడు ఆరో నెల. ఆర్తి పుట్టిన ఏడేండ్లకు నిలిచిన కడుపు. పొద్దున ఆరు గంటలప్పుడు ఆమె వాకిట్లోకొచ్చి గడప పట్టుకుని, "నాకు బాలేదు, రా" అని పిలిచింది. అతను కుంచె వదలకుండానే, "రాజాంబాళక్కను తోడు పిల్చుకోని పో, ఎనకాలే వస్తా" అన్నాడు. రాజాంబాళ్ పక్కింటి లోగనాథన్ పెళ్లాం. ఆమే ఆటో పిలిచి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. గుణశేఖర్ అక్కడికి చేరేసరికి సాయంత్రమైంది. మగబిడ్డ. పుట్టాడు గానీ ఏడవలేదు.

ఎందుకు రాలేదని అడిగినవాళ్లందరికీ అతను ఒకటే చెప్పాడు. కుంచె మార్చుకునేదానికి ఎవరూ లేకపోయినారు, వదిలితే పడుగు పోయుండును అని. అత్తగారికి అదే చెప్పాడు, అంబికకూ అదే చెప్పాడు. చెప్పగా చెప్పగా అతనికే అది నిజమనిపించసాగింది. అయినా లోగనాథన్ ఎదురుపడితే మాత్రం తేలు కుట్టిన దొంగలా తల దించుకుని పోయేవాడు.

టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"అంబికా, ఒక మాట చెప్పల్ల."

"చెప్పు."

"ఆ దినం మనిషి లేక కాదు. లోగన్న చెయ్యి చాపినాడు. కుంచె ఇట్ల తే, నువ్వు పోరా, పెండ్లాం పిలస్తా ఉండాది అన్నాడు. నేనే ఇయ్యలేదు. నీ చేతికిస్తే నా పడుగు ముడులు ముడులైపోతాది అని నవ్వినాను కూడా." ఊపిరి తీసుకున్నాడు. "నవ్వినాను అంబికా. నీకు అంత అయితా ఉండాదని తెలీదు. తెలీదంటే... నీ మొగం చూసినాను. తెలిసే ఉంటాది."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, నడిబజారులో చెంప పగలగొట్టినా సరేననుకున్నాడు.

అంబిక మిగిలిన టీ తాగేసి గ్లాసు కింద పెట్టింది.

"తెలుసు" అంది.

"ఏంది?"

"రాజాంబాళక్క మర్నాడే ఆసుపత్రిలో చెప్పినాది. ఆయమ్మ నోట్లో నువ్వుగింజ నానుతాదా? రాత్రి ఇంటికి పోయినాక మొగుడు చెప్పినాడంట, ఆయమ్మ తెల్లారి వచ్చి నాకు చెప్పినాది."

తనొక్కడే మోస్తున్నాననుకున్న బరువును ఆమె మొదటి రోజు నుంచీ మోస్తోంది. ఒకే ఇంట్లో, ఒకే గోడకు అటూ ఇటూ.

"మరి అడగలేదే!"

"ఏమని అడిగేది? నువ్వే చెప్తావని చూసినాను. ముప్పై దినాలు చూసినాను, తర్వాత పండగలు చూసినాను. మాయమ్మ దగ్గిర నా ముందరే అబద్ధం చెప్పినావు. ఆ సాయంత్రం మంచం పక్కన నిలబడుకోని నువ్వన్న మొదటి మాట యాదుండాదా నీకు?"

అతనికి గుర్తుంది. ఏం మాట్లాడాలో తెలియక, ముంజేతుల మీద ఎండిన గంజితో నిలబడి, "పడుగు చెడిపోలేదు" అన్నాడు.

"పనిలో పడి రాలేదంటే నేను తట్టుకోని ఉందును" అంది అంబిక. ఆమె గొంతులో కోపం లేదు, అదే అతన్ని భయపెట్టింది. "పనోళ్లింట్లో పుట్టినాను, పని సంగతి నాకు తెలీదా? ఈ మాట ఆ వారంలో నీ నోటితో చెప్పింటే, ఇద్దరం కూచోని ఏడ్చిందుము. బిడ్డ కోసం నేనొక్కదాన్నే ఏడ్చినాను."

"ఇప్పుడు చెప్పినాను కదా."

"చెప్పినావు. సరి." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు నాకు చాతకాదయ్యా. అలిసిపోయినాను."

ఇంకా అడగొచ్చు. కాళ్లు పట్టుకోవచ్చు, ఆర్తి పేరు చెప్పి బతిమాలవచ్చు. అతను ఆమె మొహం వైపు చూశాడు. ఆ రోజు గడప దగ్గర చూసి కూడా చూడనట్టు ఊరుకున్న మొహమే. ఈసారి మాత్రం చూశాడు, చూశాక ఇక ఏదీ అడగలేకపోయాడు. లేచి టీ డబ్బులిచ్చి, ఆమె సంచి తన చేత్తో తీసుకున్నాడు. ఆమె వద్దనలేదు.

మేడ మీద లాయరు ఇంకో ఫైలు చూసుకుంటున్నాడు. వీళ్లను చూసి కలం తీశాడు.

"ఏం తేల్చినారు?"

అంబిక నోరు తెరిచేలోపల గుణశేఖర్ అన్నాడు. "ఆయమ్మ చెప్పిందే సార్. మూడేండ్ల కిందట, మే నెల ఏడో తారీకు."

లాయరు రాసుకున్నాడు.

"పొద్దున ఆరు గంటలకు" అన్నాడు గుణశేఖర్.

"గంటలు అక్కరలేదప్పా. తారీకు చాలు."

"రాయండి సార్. నాకు తెలుసు, ఆరే."

తిరువేంగడం ఒక క్షణం ఆగి అది కూడా పక్కన చిన్నగా రాసుకున్నాడు. అంబిక ఆసుపత్రి చీటీని మడతల మీదుగా నెమ్మదిగా మడిచింది. కవర్లో పెట్టబోయి ఆగి, దాన్ని గుణశేఖర్ ముందు బల్ల మీద పెట్టింది.

"ఇంక నువ్వు పెట్టుకో" అంది.