దర్జీ కొన్న కోత మిషన్

గాలివానకు పెరట్లో చెట్టు వేళ్ళతో సహా పెళ్ళగిలి, ప్రహరీ గోడ నుంచి స్నానాలగది గుమ్మం దాకా అడ్డంగా పడింది. మర్నాడు పొద్దున దర్జీ దాన్ని చూశాడు. ఒక కొమ్మ ఎత్తి కింద నుంచి దూరి, స్నానం చేసి, మళ్ళీ దూరి వచ్చి దుకాణం తెరిచాడు. అంతే. ఆ తర్వాత రోజూ అంతే. ఆకులు ఎండాయి, రాలాయి, వాటి మీద నడిచాడు. వంగి దూరడం అలవాటైపోయింది.

అంతకు కొన్ని నెలల ముందే అతని భార్య పోయింది. వీధి వైపు గదే దుకాణం, వెనకున్న రెండు గదులూ ఇల్లు. అతను మిషన్ తొక్కుతుంటే ఆమె ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని కాజాలు కుట్టేది. బడి యూనిఫారాల రోజుల్లో ఒక మధ్యాహ్నం, చేతిలో చొక్కా ఉండగానే తల వాల్చింది. అలిసిపోయింది, కునుకు తీయనీలే అనుకున్నాడు. మిషన్ చప్పుడుకి మేలుకుంటుందని పెడల్ మీంచి కాలు తీసి, ఒక కాలర్ మొత్తం చేత్తోనే కుట్టాడు. అది అయ్యాక దారం కొరికి, "ఏమేవ్, టీ తాగుదామా?" అని పిలిచాడు.

ఆ రోజు నుంచి అతనికి ఏమీ అనిపించడం లేదు. ఏడుపు రాలేదు. కోపం రాలేదు. చూసిన వాళ్ళలో కొందరు గుండె నిబ్బరం అన్నారు, కొందరు చాటుగా రాయి అన్నారు. రెండూ కాదు. పన్ను పీకే ముందు డాక్టరు మత్తుసూది పొడిస్తే బుగ్గ ఎలా ఉంటుంది? వేలితో తాకితే వేలికి తెలుస్తుంది, బుగ్గకు తెలియదు. అతనికి లోపలంతా అలా ఉంది. కొలతలు తప్పడం లేదు, కుట్టు వంకర పోవడం లేదు. కాజాలు మాత్రం బయట వేయిస్తున్నాడు.

కూతురి అంత్యక్రియలకు వచ్చిన అత్తగారు తిరిగి వెళ్ళలేదు. ఉండమని అతను అనలేదు, వెళతానని ఆమె అనలేదు. ఆమె నోరు ఊరుకునే రకం కాదు. గోడకు చెవులుంటాయంటారు కదా, మనిషి వినకపోతే గోడకైనా చెబుదామన్నట్టు రోజంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. ఒకసారి పరీక్ష పెట్టింది. కూరలో ఉప్పు వేయడం మానేసింది. దర్జీ తిని చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు రెండింతలు వేసింది. అదీ తిన్నాడు.

"బాబూ, కూర ఎలా ఉంది?"

"బాగుంది అత్తయ్యా."

"నా తలకాయలా ఉంది," అని ఆమె గిన్నె తీసుకెళ్ళి ఎదురుచూస్తున్న కుక్కకు పెట్టింది. కుక్క వాసన చూసి వెళ్ళిపోయింది.

చెట్టు సంగతి ఆమె నాలుగైదుసార్లు ఎత్తింది. ఊళ్ళో సగం చెట్లు కూలి ఉన్నాయి, కొట్టేవాళ్ళకు తీరిక లేదు. ఒకడు వచ్చి చూసి "రేపొస్తానండీ" అన్నాడు. ఆ రేపు రానే లేదు. మళ్ళీ పిలవాలని దర్జీకి తోచలేదు.

ఒక పొద్దున పెరట్లోంచి "అబ్బా!" అని వినిపించింది. వెళ్ళి చూస్తే అత్తగారు నుదురు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. విరిగిన కొమ్మ మొన తగిలి నుదురు చీరుకుంది, నిమ్మకాయంత బొప్పి కట్టింది. దర్జీ గుడ్డ తడిపి తెచ్చి అద్దాడు. దగ్గర నుంచి ఆ బొప్పి చూశాడు. నెత్తురు సన్నటి దారంలా కనుబొమ్మ దాకా దిగింది. "నొప్పిగా ఉందా?" అని అడగాలని అతనికి తెలుసు. ఆ మాట గొంతులోకి రాలేదు. కన్నతల్లిలాంటి మనిషి నెత్తురు చేతికి అంటుకుంటే, చీమ కుట్టినట్టయినా లేదు. అప్పుడు మాత్రం అతనికి కొంచెం భయం వేసింది. దాన్ని భయమనవచ్చో లేదో గాని, దుకాణం మూసి బయలుదేరాడు.

ఇనుప సామాన్ల కొట్టతను విషయం విని తల గోక్కున్నాడు. "చెట్లు కోసే మిషనా? నీకు కొత్తది ఎందుకు అన్నా, ఒక్క చెట్టు కోసం! నాలుగు వీధుల అవతల చెట్లు కొట్టే పెద్దాయన తనది అమ్మేస్తున్నాడు. ఆడట్లేదు గాని గట్టి సరుకు."

పెద్దాయన ఇల్లంటే ఒకే గది. ఆయన కిటికీ పక్క కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్య మంచం కింద నుంచి గోనెసంచి లాగి, అందులోంచి మిషన్ తీసి దర్జీ ముందు పెట్టింది. రంపపు పొట్టు, నూనె కలిసి అట్టలు కట్టి, దాని అసలు రంగేమిటో తెలియకుండా ఉంది. లాగే తాడు తెగిపోయి ఉంది.

"ఇంతకు ముందు ఏమైనా కోశావా తమ్ముడూ?" అన్నాడు పెద్దాయన.

"గుడ్డలు కోశాను."

ఆవిడ నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. "ఇది లేచి రెండేళ్ళవుతోంది. ట్యాంకులో పెట్రోలు అలాగే ఉండిపోయి జిగురైపోయుంటుంది. నేనే విప్పి కడుగుదామనుకున్నా. స్క్రూ పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు నాకు." చేతులెత్తి చూపించాడు. వేళ్ళ చివర్లు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. "దీని అదురే తినేసింది. మొదట తిమ్మిరి. పొద్దున లేచి విదిలిస్తే పోయేది. తర్వాత విదిలించినా పోలేదు."

"మొన్న పొయ్యి దగ్గర కాల్చుకున్నాడు," అంది ఆవిడ. "వాసనొస్తే నేను చూశానయ్యా, ఆయన కాదు."

దర్జీ ఆ వేళ్ళ వైపు చాలాసేపు చూశాడు. "ఎలా ఉంటుంది?" అన్నాడు.

"ఎలా ఉంటుంది! చేతికి తొడుగేసుకుని విప్పడం మరిచిపోయినట్టుంటుంది." పెద్దాయన చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయితే కళ్ళున్నాయి కదా. తెలియనప్పుడు చూసుకుంటూ ఉండాలి. గ్లాసు పట్టుకున్నానా, లేదా? చూస్తా. వేడిగా ఉందా? ఆవిరి చూస్తా. ఇదిగో, నువ్వు కూడా గంటకోసారి ఆపి చేతులు విదిలించుకో. బేరం కంటే ముందే చెబుతున్నా."

బేరం రెండు మాటల్లో తేలిపోయింది.

ఇంటికొచ్చి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద పాత దుప్పటి పరిచి మిషన్ దాని మీద పెట్టాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది. నుదుటి మీద గుడ్డ కట్టు ఉంది.

"ఏం బాబూ, దీనికి జాకెట్టు కుడతావా?"

"బాగు చెయ్యాలి అత్తయ్యా."

"చెయ్యి, చెయ్యి. కోతి పుండు బ్రహ్మరాక్షసి కాకుండా చూసుకో."

దర్జీకి కుట్టుమిషన్ తప్ప మరో యంత్రం తెలియదు. అయితే విప్పిన వరసలోనే బిగించాలని తెలుసు. విప్పిన స్క్రూలన్నీ అదే వరసలో బల్ల మీద పేర్చాడు. పళ్ళ బ్రష్షుతో పొట్టు రాల్చాడు. ట్యాంకులో పెట్రోలు నిజంగానే బెల్లం పాకంలా ఉంది. కార్బరేటర్ విప్పితే లోపల పల్చటి పొర ఒకటి కనిపించింది. మెత్తగా ఉండాల్సింది ఎండి, ఆకులా గలగలమంది. కొట్టతని దగ్గర కొత్తది తెచ్చాడు. పెట్రోలు దారి సూదిమొనంత ఉంది. లావు సూదులు దూరలేదు. భార్య పనిపెట్టె తెరిచి ఆమె వాడే సన్న సూది తీసి, మెల్లగా దూర్చి, తిప్పాడు. పెట్టె మూత పెట్టేశాడు. ఆ పెట్టె ముట్టుకోవడం ఇదే మొదలని అత్తగారు గమనించింది గాని, ఆ ఒక్కసారికి నోరు మెదపలేదు.

తాడు మార్చబోతే లోపలి స్ప్రింగు పాములా ఎగిరి గదంతా పరుచుకుంది. మోచెయ్యి గీరుకుంది. ఇద్దరూ కిందకూర్చుని, ఆమె ఒక కొస తొక్కిపట్టగా అతను కొలత టేపు చుట్టినట్టు మళ్ళీ చుట్టాడు. మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి నిలిచింది.

ఈ మిషన్‌కు ఉత్త పెట్రోలు పొయ్యకూడదు, నూనె కలపాలి. అన్నీ బిగించేసరికి వారం పట్టింది. కలిపి పోసి, పెరట్లోకి తీసుకెళ్ళి తాడు లాగాడు. దగ్గింది. మళ్ళీ లాగాడు. లేచింది, రెండు క్షణాలు అరిచింది, చచ్చిపోయింది. సాయంత్రం దాకా అదే తంతు.

మర్నాడు మిషన్ సంచిలో పెట్టుకుని పెద్దాయన దగ్గరకు వెళ్ళాడు. ఆయన అప్పుడే స్నానం చేసి నిలబడ్డాడు, భార్య ఆయన చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెడుతోంది. ఆయన చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి, గోడ మీది మరక వైపు చూస్తున్నాడు. గుమ్మంలో మనిషిని చూడగానే ఆయన మెడ ఎర్రబడింది.

బయట నిలబడి దర్జీ తాడు లాగాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఆకలితో చస్తోంది అది. పక్కన చిన్న స్క్రూ ఉంది చూడు, ఎడమకి తిప్పు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ ఆపు. లాగు."

మిషన్ లేచింది. ఆగలేదు. ఒకే స్వరంలో గుర్రుమంటూ నిలబడింది. వీధిలో పోయేవాళ్ళు చెవులు మూసుకున్నారు. పెద్దాయన దగ్గరకొచ్చి మిషన్ మీద చెయ్యి పెట్టాడు, కాసేపు చూసి, తీసేశాడు.

"నాకు వినబడుతోంది చాలు," అన్నాడు.

ఇంటికొచ్చి దర్జీ చెట్టు జోలికి వెళ్ళలేదు. గళ్ళ గుడ్డ తీసి, కంటికొలతతోనే చొక్కా కత్తిరించాడు. ముందు పట్టీ లోపల వరసగా టిచ్ బటన్లు పెట్టాడు, అరచేత్తో నొక్కితే చాలు, పట్టుకుంటాయి. చూసేవాళ్ళకు తేడా తెలియకుండా పైన మామూలు బొత్తాలు ఉత్తినే కుట్టాడు. ఎందుకు కుడుతున్నాడో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాడు. జాలి అని పేరు పెట్టేంత ఏమీ లేదు లోపల. గుడ్డ ఉంది, మనిషి కొలత కంట్లో ఉంది, కుట్టాడు. మధ్యాహ్నం పెద్దాయనకు ఇచ్చి, గుమ్మం దగ్గర నుంచే తిరిగొచ్చేశాడు.

ఆ మర్నాడు కోత మొదలైంది. చైన్ బిగించి, మిషన్ లేపి, మొదటి కొమ్మ మీద పెట్టాడు. అరుపే గాని కోత లేదు. పొగ లేచింది. చెక్క కాలిన వాసన వచ్చింది. ఇంకా గట్టిగా నొక్కాడు. ఇంకా పొగ.

అత్తగారు గుమ్మంలోంచి చేతులు ఊపింది. మిషన్ ఆపాడు.

"కత్తి తిరగేసి వీపుతో కూరగాయలు తరిగినట్టుంది నాయనా! ఆ పళ్ళు ఏ వైపు చూస్తున్నాయో చూశావా?"

చూశాడు. చైన్ తిరగేసి వేశాడు. పళ్ళన్నీ వెనక్కి చూస్తున్నాయి.

"పాంటుకి జిప్పు వెనక పెట్టి ఇచ్చినట్టుంది," అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి మెట్టు మీద కూర్చుండిపోయింది, కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్నా ఆగలేదు. అది ఎంతవరకు నవ్వో, ఎక్కడి నుంచి మరొకటో దర్జీకి తెలియలేదు. ఆమె తేరుకునే దాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత చైన్ విప్పి సరిగ్గా వేశాడు.

ఈసారి రంపం వెన్నలోకి దిగినట్టు దిగింది. తెల్లటి పొట్టు కాళ్ళ మీద పడింది. కొమ్మలు ముందు, మాను తర్వాత. గంటకోసారి ఆపి, పెద్దాయన చెప్పినట్టు చేతులు విదిలించాడు. అరచేతుల్లో చీమలు పాకుతున్నట్టుంది. ఆ పాకుడు ఎంతసేపు ఉంటుందో చూస్తూ, దుంగ మీద కూర్చున్నాడు. అత్తగారు మంచినీళ్ళు తెచ్చింది. కొమ్మలు పోయి తెరిపైన పెరట్లో ఎండ ఆమె ముఖం మీద పడింది. నుదుటి మీద గాయం మాని, పెచ్చు రాలుతోంది. చూసుకుంటూ ఉండాలి అన్నాడు పెద్దాయన. చూశాడు.

"నొప్పి తగ్గిందా అత్తయ్యా?"

ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. "ఎప్పటి నొప్పి బాబూ, ఇప్పుడా అడగడం! మానిపోయింది కూడా." గ్లాసు అతని చేతిలో పెట్టి, "తగ్గింది," అంది మెల్లగా.

రెండు రోజుల్లో పెరడు ఖాళీ అయింది. ఇక ఇద్దరూ వంగకుండానే స్నానాలగదికి వెళ్ళొచ్చు. దర్జీ మాత్రం ఇంకో నాలుగు రోజులు అక్కడికి రాగానే వంగాడు.

అత్తగారి కొడుకు వచ్చాడు, తల్లిని తీసుకెళ్ళడానికి. దర్జీకి బావమరిది, మంచివాడే, మాట తక్కువ. "అమ్మ ఇక్కడ ఎన్నాళ్ళుంటుంది బావా, బాగోదు కదా," అన్నాడు. ఆమె రెండు సంచులు సర్దుకుంది. ఎండుతున్న కట్టెల మీద రేకు కప్పమంది, పాలవాడికి చెప్పమంది, ఆటో ఎక్కింది.

ఆటో కదలబోతుంటే దర్జీ రాడ్ పట్టుకున్నాడు. "మళ్ళీ ఎప్పుడొస్తారు?"

డ్రైవరు వెనక్కి చూశాడు. బావమరిది తల్లి వైపు చూశాడు. ఆమె ఒళ్ళో సంచిని సర్దుకుంది. "నీ మిషన్ రొద నా చెవుల్లోంచి పోనీ ముందు, అప్పుడు చూద్దాం," అంది.

ఆ తర్వాత చుట్టుపక్కల వాళ్ళు ఒకరిద్దరు కొమ్మలు కొట్టమని వచ్చారు. కొన్ని కొట్టాడు. యూనిఫారాల పని ఎక్కువైంది. వండుకున్నాడు, తిన్నాడు. ఏడుపు అప్పుడూ రాలేదు.

ఒక మధ్యాహ్నం పోస్టుమాన్‌కు భుజం కొలత తీస్తున్నాడు. నోట్లో గుండుసూదులున్నాయి. గుమ్మం ముందు ఆటో ఆగింది. అత్తగారు దిగింది. ఈసారి మూడు సంచులు.

"కొడుకింట్లో ఫ్యాను చప్పుడుకి నిద్ర పట్టలేదు," అంది, ఎవరూ అడగకుండానే.

నోట్లో సూదులతో దర్జీ మాట్లాడలేకపోయాడు. టేపు పోస్టుమాన్ వీపు మీద వదిలేసి, రెండు సంచులు అందుకున్నాడు. మూడోది ఆమె ఇవ్వలేదు. "నువ్వు కానివ్వు, ఆయన నిలబడి ఉన్నాడు," అంటూ లోపలికి వెళ్ళిపోయింది. వెనక గదిలో గిన్నెల చప్పుడయింది. "అయ్యో, ఇదేం అవతారం వంటిల్లు!" అని వినిపించింది.

పోస్టుమాన్ నవ్వాడు. "ఎంత వచ్చింది?"

అంకె గుర్తులేదు. దర్జీ టేపు ఎత్తి, భుజం కొలత మళ్ళీ మొదటి నుంచి తీశాడు.