పన్నెండో కార్డు

నేను ఒక ఖాళీ కార్డుని. పేకముక్క కంటే కాస్త పెద్దదాన్ని, శుభలేఖ కంటే కాస్త చిన్నదాన్ని. పుట్టినప్పుడు నా ఒంటి మీద ఒక్క అక్షరం లేదు. అయినా ఒక మనిషి ప్రాణం నా మీద ఆధారపడిన రోజొకటి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుగు అంచులూ పులకరిస్తాయి.

విశాఖపట్నంలో ఒక ప్రెస్సులో పుట్టాను. నాతో పాటు పదకొండు మంది తోబుట్టువులు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళ మీద పరిశోధన చేస్తున్న డాక్టర్లు మమ్మల్ని అచ్చు వేయించారు. రక్తపరీక్ష చెప్పేది ఒకటి, మనిషి చెప్పేది ఇంకొకటి. ఆ రెండోదాన్ని కూడా కొలవాలని వాళ్ళ పట్టుదల. మాలో ఒకదాని మీద ‘కొత్త కిడ్నీ బాగా పనిచేయడం’ అని, ఇంకోదాని మీద ‘నిద్ర పట్టడం’ అని, మరోదాని మీద ‘నలుగురిలో తిరగగలగడం’ అని, ఇలా ఒక్కో సంగతి రాసి ఉండేది. రోగి తనకు ఏది ముఖ్యమో ఆ వరసలో పేర్చాలి. డాక్టర్లకు తట్టనిది ఏదైనా ఉంటే నా మీద రాయాలి. అందుకే నన్ను ఖాళీగా వదిలారు. తక్కిన పదకొండింటి కంటే నేనే గొప్పదాన్నని మురిసిపోయాను.

ఆ గర్వం వారంలో దిగిపోయింది. ఒకాయన నన్ను అటూ ఇటూ తిప్పి, “ఇది అచ్చు పడలేదమ్మా, మార్చండి” అన్నాడు. ఒకావిడ నాతో కాఫీ గ్లాసు మూసింది. ఆ గుండ్రటి మరక ఇప్పటికీ నా వీపు మీద ఉంది. పరిశోధన పని చూసే ఎస్తేరు సిస్టర్ “మీ మనసులోది రాయండి” అని చెప్పి చెప్పి అలిసిపోయింది. ఎవరొచ్చినా ఒకటే వరస. కిడ్నీ కార్డు పైన, నేను అడుగున.

కారణం కార్డుల్లో లేదు, కుర్చీల్లో ఉంది. రోగి పక్క కుర్చీలో ఎప్పుడూ కిడ్నీ ఇచ్చినవాళ్ళే కూర్చునేవారు. తల్లో, భార్యో, తోబుట్టువో. ఒంట్లో భాగాన్ని కోసి ఇచ్చినవాళ్ళ ఎదుట ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అనడానికి ఎవరికి నోరొస్తుంది? వాళ్ళను కాసేపు బయట కూర్చోమనడానికి సిస్టర్‌కూ నోరు రాలేదు. ఆ విధంగా రోగుల మర్యాదను కొలిచి, అదే వాళ్ళ ఆరోగ్యమనుకుని, డాక్టర్లు చక్కగా పట్టికలు గీసుకున్నారు.

అలాంటి రోజుల్లో వచ్చాడు డిల్లేశు. సోంపేటలో సెలూన్ నడిపేవాడు. ఇరవై ఏళ్ళుగా కత్తి పట్టిన చెయ్యి. వాళ్ళ అప్ప దమయంతి తన కిడ్నీ ఒకటి ఇచ్చి అతన్ని బతికించింది. అటువైపు అక్కను అప్ప అంటారు.

“మావోడికి ఏటీ నేదు సిస్టరమ్మా. బాగున్నాడు” అని ఆవిడే చెప్పేది. కార్డులూ ఆవిడే పేర్చేది.

“అవి ఆయన పేర్చాలమ్మా.”

“ఆడికేటి తెలుస్తాది. చిన్నప్పుడు ఆడి జోళ్ళు నానే తొడిగీదాన్ని.”

డిల్లేశు నవ్వి ఊరుకునేవాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. చలి కాబోలనుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు రక్తపరీక్షలో అంకె పెరిగింది. కిడ్నీ నీరసిస్తోందని ఆ అంకె చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఇలాగే పోతే కిడ్నీ దక్కదని డాక్టరు అనేసరికి దమయంతి ముఖం పాలిపోయింది.

“మాత్తర్లు నా ఎదటే మింగుతాడు బాబూ” అంది.

ఇంతలో ఆవిడకు పిలుపొచ్చింది. కిడ్నీ ఇచ్చినవాళ్ళకూ ఏడాదికోసారి పరీక్ష ఉంటుంది. ఆవిడ లేచి వెళ్ళింది. పక్క కుర్చీ మొదటిసారి ఖాళీ అయింది.

డిల్లేశు తలుపు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. తొడ కింద నుంచి చెయ్యి తీసి నన్ను పట్టుకున్నాడు. నేను గాలికి ఆకులా అల్లాడిపోయాను. అప్పుడు తెలిసింది, అది చలి కాదని.

“పెన్నుందా అమ్మా?” అన్నాడు.

అక్షరాలు వంకరలు తిరుగుతూ ఒక్కొక్కటే నా మీదికి దిగాయి. ‘చెయ్యి నిలవాలి.’ అంతే రాశాడు.

సిస్టర్ నన్ను చదివి, అతని వేళ్ళ వైపు చూసింది. “ఎప్పట్నుంచి?”

“మాత్తర్లు మొదలెట్టిన కాడ్నించి. గెడ్డం కింద కత్తి పెడితే జనం సుకంగా కళ్ళు మూసుకునీవోరు. ఇప్పుడు గుడ్లప్పగించి నన్నే సూత్తన్నారు.”

సెలూన్ పని నేర్చుకునేవాళ్ళు మొదట బెలూన్‌కు నురగ పూసి కత్తితో గీకుతారట. పగలకపోతే చెయ్యి కుదిరినట్టు. ఇరవై ఏళ్ళ పనివాడు తలుపేసుకుని మళ్ళీ బెలూన్లు గీకుతున్నాడు. అవి ఠప్పు ఠప్పుమంటుంటే వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారని దమయంతి అనుకునేది.

“మాత్తర నాలిక కింద దాసి, ఊసీసేవోణ్ణి” అన్నాడు డిల్లేశు తల దించుకుని. “రొండ్రోజులు మానీస్తే మూడో దినం బెలూను పగల్దు.”

కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా కాపాడేది ఆ మాత్రే. సిస్టర్ “మాతో ఎందుకు చెప్పలేదు?” అంది.

“మీరడిగినప్పుడల్లా అప్ప పక్కనే ఉండీది. కిడ్నీ ఇచ్చీసిన మనిషి ఎదట సెయ్యి వణుకుతోందంటే ఏటి బాగుంటాది?”

తలుపు దగ్గర చప్పుడైంది. మోచేతి మడతలో దూది నొక్కుకుని దమయంతి నిలబడి ఉంది. అంతా విన్నదని ఆ ముఖమే చెబుతోంది. వచ్చి, తన కుర్చీలో కూర్చుంది.

“ఒరే, పప్పులో ఉప్పు నేదని నా మొకం మీదే అంటావు గదరా. ఈ మాట అనడానికి నోరు రానేదేటి?”

డిల్లేశు చేతులు మళ్ళీ తొడల కిందికి పోయాయి.

“నాను కిడ్నీ ఇచ్చింది నువ్వు కత్తి పట్టడానికిరా. దండేసి గూట్లో పెట్టడానికేటి?” అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

డాక్టరు తిట్టలేదు. మాత్ర మానకూడదు గానీ రకం మార్చవచ్చన్నాడు. రోజుకు ఒక్కసారే వేసుకునేది, వణుకు తక్కువ తెచ్చేది రాసి, వారం వారం రక్తం చూశాడు.

రెండు నెలలకు వాళ్ళు మళ్ళీ వచ్చారు. అంకె దిగింది. డాక్టరు ఆ మాట చెబుతుంటే దమయంతి సరిగ్గా వినను కూడా లేదు. సంచిలోంచి ఎర్ర బెలూన్ తీసి, బుగ్గలు పూరించి ఊది, తమ్ముడి ముందు పెట్టింది. సబ్బు, కుంచె, కత్తి కూడా తెచ్చింది. సంగతి తెలిసి పక్క గదుల్లోంచి జనం వచ్చారు. డిల్లేశు నురగ పూశాడు. కత్తి ఆనించాడు. కీచుమంది. వేళ్ళు ఇంకా కాస్త అదురుతూనే ఉన్నాయి, అయినా కత్తి జారలేదు. ఒక చార, ఇంకో చార. ఊపిరి ఆగడమంటే ఏమిటో ఊపిరి లేని నాకు ఆ రోజు తెలిసింది. చివరి నురగ బొట్టు కత్తి మీదికొచ్చింది. బెలూన్ నిగనిగలాడుతూ అలాగే ఉంది.

దమయంతి సిస్టర్ వైపు తిరిగింది. “ఇప్పుడు రాసుకో అమ్మా. మావోడు బాగున్నాడు.”

ఇప్పుడు నేను ఎస్తేరు సిస్టర్ బల్ల మీద, అద్దం కింద ఉంటున్నాను. కాఫీ మరక కిందికి, వంకర అక్షరాలు పైకి. నా మాటను కొత్త కట్టలో అందంగా అచ్చు వేశారు. అందంగా ఉంది గానీ, వణుకు లేదు. ఆ కట్టలోనూ ఒక ఖాళీ కార్డు ఉంది. దాన్నిప్పుడు అన్నిటికంటే ముందు రోగి చేతికిస్తారు. కిడ్నీ ఇచ్చినవాళ్ళ కుర్చీ వరండాలోకి మారింది.

ఈ పొద్దున ఒక ముసలాయన వచ్చాడు. ఖాళీ కార్డును తిప్పి తిప్పి చూశాడు. అచ్చు పడలేదంటాడేమోనని భయపడ్డాను. ఆయన మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“పెన్నుందా అమ్మా?”