పల్లవికి ఆగే ఆట

చొక్కా కాలరుకి గంజి తక్కువైందని రెమీహియో వేలితో నొక్కి చూపించాడు. "ఇది చొక్కానా, అంట్లు తుడిచే గుడ్డా? పదిమందీ చూసేది నన్ను. నిన్నెవరు చూస్తారే!"

ఒబ్దూలియా మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుంది. మెక్సికో తీరాన వెరాక్రూజ్ ఉక్కపోతలో ఇస్త్రీ చేయడమంటే పొయ్యిలో తల పెట్టడమే. సాయంత్రం ఊరి చౌకులో బ్యాండు మొదలవగానే ఈ చొక్కా వేసుకుని ఆయన మహారాజైపోతాడు. జంటలుగా ఆడే దన్సోన్ నాట్యంలో ఆయన ముందుకి నడుస్తాడు, ఆమె వెనక్కి. ఆమెని బీరువా జరిపినట్టు జరిపి, "మా ఆవిడకి ఆట నేర్పింది నేనే" అని అందరికీ చెప్పుకుంటాడు.

మధ్యాహ్నం నాట్యసంఘం పెద్దలు ఇంటికొచ్చారు. దన్సోన్‌కి జనం ఎందుకు తగ్గిపోతున్నారో తేల్చాలట. అందరూ మగవాళ్లే.

"ఫోన్లండీ, ఫోన్లు!"

"కుర్రాళ్లు వినే ఆ పాటలేంటసలు? రేకుడబ్బా కొట్టినట్టు!"

"ఈ కాలం ఆడపిల్లలకి ఓపికేదబ్బా?" అన్నాడు రెమీహియో. "ఒబ్దూలియా, చేపలేవే?"

ఆమె వేయించిన చేపలు తెచ్చిపెట్టింది. ఓపికట! యారెలికి లేకపోయిందా? బట్టలకొట్లో పగలంతా నిలబడి, కాళ్లు వాచినా ఆట మీద ఇష్టంతో చౌకుకి వచ్చేది ఆ పిల్ల. ఈ పెద్దమనుషులే వంతులేసుకుని ఆమెతో ఆడారు. కింద చూడకన్నారు, నవ్వకన్నారు. నేర్పే వంకతో ఒకడి చెయ్యి నడుం కిందికి జారింది. "పిన్నీ, రేపటితో సరి. ఇక రాను" అంది నిన్న, కళ్లు తుడుచుకుంటూ. దన్సోన్‌ని చంపుతున్నది బయటెక్కడో లేదు, తన బల్ల దగ్గరే కూచుని వేళ్లు నాకుతోందని ఒబ్దూలియాకి అర్థమైంది. ఆ ముఖాలు చూస్తే కోపం కూడా దండగనిపించింది.

సాయంత్రం బ్యాండు మొదలైంది. దన్సోన్‌లో పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ అడుగులు ఆపి, జంటలన్నీ పక్కపక్కన నిలబడాలి. ఆడవాళ్లు విసనకర్రలు విప్పి కాస్త గాలి విసురుకుంటారు. ఒబ్దూలియాకి ఆ కాస్త కూడా ఏనాడూ దక్కలేదు. పల్లవి రాగానే రెమీహియో మెడ ముందుకి చాచాడు.

"విసరవే. కాలరు తడిసిపోతోంది."

అలవాటుగా చెయ్యి లేచింది. అంతలో చౌకు అంచున యారెలి కనిపించింది. సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోబోతోంది.

ఒబ్దూలియా విసనకర్ర మడిచి ఆయన చేతిలో పెట్టింది. "మీరే విసురుకోండి."

"ఏంటే ఇది? అందరూ చూస్తున్నారు!"

"నన్నెవరు చూస్తారండీ?"

చౌకు దాటి వెళ్లి యారెలి ముందు చెయ్యి చాపింది. "దా అమ్మా, ఆడదాం."

"మరి మగవాళ్ల అడుగులెవరు వేస్తారు పిన్నీ?"

"నేనేస్తాను. ఇన్నేళ్లూ ఆయనకి ఎదురుగా వెనక్కి నడిచినదాన్ని. ఆయన కాలు ఎటు పడుతుందో ఆయనకంటే నాకే బాగా తెలుసు."

యారెలి సంచీ కింద పెట్టింది.

"ఇద్దరాడవాళ్లా!" వెనక రెమీహియో గొంతు చించుకుంటున్నాడు. "ఇలాగైతే దన్సోన్ చచ్చిపోతుందే!"

పల్లవి అయిపోయింది. ఒబ్దూలియా వెనక్కి తిరగలేదు. ముందు నడిచేది ఇప్పుడు తను కదా, దారి చూసుకోవాలి.