జీలుగువాగు దాటిన జీపు

జ్యేష్ఠమాసపు కడపటి దినములు. నిదాఘతాపమున క్రాగి మాడిన మన్యపు గొండల నెత్తములపై నైరృతి దిక్కునుండి నీలమేఘములు మందలు మందలుగా దిగివచ్చి తొలకరి చినుకులు చిలుకుచుండగా ఎఱ్ఱని మెట్టనేలల నుండి లేచిన మట్టివాసన జీడిమామిడి తోటల మీదుగా వ్యాపించి ఊరెల్ల నిండుచుండెను. కృషీవలులు మొగములెత్తి మేఘుని దీవించుచుండిరి. పందిరిమెట్ట గ్రామమున ఒక్క యింట మాత్రము ఆ చినుకు చూచి సంతసించిన వారు లేరు.

ఆ యింటి యజమానుడు అడపా వీరశంకరము. జీడితోట పండించి కుటుంబము పోషించుకొనువాడు. అతని తల్లి సుబ్బాయమ్మ, భార్య కాంతమణి, ఎనిమిదేండ్ల కూతురు లహరి. ఈ బాలిక మేన నెత్తురు నిలువదు. తలసీమియా యని వైద్యులు పేరు పెట్టిన ఆ వ్యాధికి మూడు వారములకొక్క మారు రాజమహేంద్రవరపు ఆసుపత్రిలో పరుల నెత్తురు ఎక్కింపవలెను. వేసవిలో నిది ప్రయాసయే గాని ప్రమాదము గాదు. వానకాలమున మాత్రము ఊరికిని తారురోడ్డుకును నడుమ జీలుగువాగు పొంగి పారును. వంతెన వేయుదుమని వచ్చి కొలిచిపోయిన వారు కొలతలతోడనే తృప్తినొందిరి కాబోలు, మరల ఆ త్రోవ త్రొక్కలేదు. గత శ్రావణమున ఊరి ఆటో ఆవలిగట్టు బురద నెక్కలేక చతికిలబడగా మూడు దినములు జాగయ్యెను. ఆ మూడు దినములలో పసిదాని పెదవులు సున్నము పూసినట్లు తెల్లబారెను. శంకరము తుదకు పాపను భుజముల నెత్తుకొని మొలలోతు నీట దాటించి ప్రాణము దక్కించుకొనెను.

నాడు కాంతమణి భర్తతో ఒక్క మాటయే యనెను.

“మళ్ళీ వాన పడేలోపు వాగు దాటే బండి మన గుమ్మంలో ఉండాలండి. ఇంకోసారి ఆ పెదాలు అలా చూడలేను నేను.”

నాలుగు చక్రములును బలము పుంజుకొని బురద నెక్కు బండిని జనులు ఫోర్‌వీల్ బండి యందురు. క్రొత్తది కొనుట ఆ కుటుంబమునకు అందని మ్రానిపండు. కావున ఒకరు వాడి విడిచినదానిని వెదకవలసి వచ్చెను. మన శంకరము మంచివాడే గాని తళుకు కంటబడినచో బుద్ధి నటకెక్కించి కూర్చుండు స్వభావము కలవాడు. పెండ్లికి ముందు రంగు చూచి కొన్న గడియారము నేటికిని పదిగంటల వద్దనే నిలిచియున్నది. ఈ సంగతి నెరిగియే కాబోలు ముదుసలి సుబ్బాయమ్మ బండి చూడబోవు నాటి ఉదయమున అందరికంటె ముందు చీర మార్చుకొని వాకిట నిలిచెను.

“నువ్వెందుకే అమ్మా, నడుం నొప్పితో?” అని కొడుకు విసుగుకొనెను.

“నేను ఎక్కగలనో లేదో నేనే చూసుకోవద్దేంట్రా? నడువు, నడువు!” అని ఆమె కొడుకు కోడళ్ళతో బస్సెక్కెను.

రాజమహేంద్రవరపు శివారున పాత బండ్లమ్ము ఆవరణ యొకటి కలదు. దాని పేరు మనకెందుకు? అందు ధవళకాంతులతో పెండ్లికొడుకువలె నొక మహాశకటము నిలిచియుండెను. అద్దములు మెరయుచుండెను. ఆసనములపై పాలమీగడ రంగు తొడుగులు, లోపల మల్లెల అత్తరు. శంకరము దానిని చూచినది మొదలు తక్కిన బండ్లవంక కన్నెత్తలేదు. అమ్మకందారు అతని కన్నులలోని ఆశ నెరిగి నోట తేనె యొలికించెను.

“పెద్దింటి బండండీ ఇది. ఆదివారం గుడికి తప్ప బయటికి తీసిందే లేదండీ. మీ అదృష్టం బాగుండి ఇంకా ఉందండీ, ఆయ్!”

శంకరము అప్పుడే చేయి జేబులోనికి పోనిచ్చుచుండెను. ఇంతలో సుబ్బాయమ్మ తలుపు తీసి, మోకాలు పట్టుకొని యెక్కి, వెనుక ఆసనమున కూర్చుండి, రెండుమార్లు గాలి పీల్చి, ముక్కు చిట్లించెను.

“ఒరే శంకరం, ఈ బండి మునిగిందిరా.”

“మునగడవేంటండీ మామ్మగారూ! కొత్త సీటు కవర్ల వాసనండీ అది,” అని అమ్మకందారు నవ్వెను.

సుబ్బాయమ్మ గోదావరి లంకలో పుట్టిన ఆడుబిడ్డ. ఏటేట ఇల్లు మునుగుట, వరద తీసిన పిమ్మట గోడల నుండియు మంచముల నుండియు ఒండ్రు గోకి కడుగుట ఆమెకు ఊహ తెలిసినది మొదలు వచ్చిన పని.

“సీటుకి కొత్త చీర కట్టేవు బాబూ, ఒండ్రు వాసన ఎక్కడికి పోద్ది? వరద తీసేక మా అమ్మ పెట్టె తెరిస్తే పట్టుబట్టలు ఇదే కంపు కొట్టేవి. ఎన్ని సాంబ్రాణి పొగలేసినా వదిలేది కాదు.”

ఇట్లని ఆమె వంగి కాళ్ళక్రింద పరచిన పట్టాను చివర పట్టి లేపి, ఆసనము జారు ఇనుపపట్టె సందున గోరు పోనిచ్చి, బూడిదవన్నె మెత్తని ఒండ్రును తీసి కొడుకు అరచేతిలో నుంచెను. అమ్మకందారు నవ్వు ఆరిపోయెను. వరదనీరు త్రాగిన బండికి లోని తీగెలు కనబడకుండ తుప్పు పట్టును. అది రేపో మాపో ఎప్పుడు చచ్చునో బ్రహ్మకును తెలియదు. ఆ చచ్చుట వాగు నడుమ, ఒడిలో పిల్ల యుండగా నయినచో? శంకరము జేబులోని చేయి వెలికి తీసి వెనుదిరిగెను. పైన పటారము లోన లొటారమని పెద్దలు ఊరక యనలేదు.

తిరుగు బస్సులో అతడు ఒండ్రంటిన అరచేతిని చూచుకొనుచుండెను. పిదప “అమ్మా, నువ్వు రాకపోయుంటే...” అనెను.

“ఊరుకో. ఆ కిటికీలోంచి వేరుశనక్కాయలు కొనిపెట్టు, ఆకలేస్తంది,” అని ఆమె మొగము త్రిప్పుకొనెను. కాంతమణి మాత్రము అత్తగారి చేయి పట్టుకొని ఊరు వచ్చువరకు విడువలేదు.

వారి మాటలు ఆలకించిన కండక్టరు గోకవరమున విశ్రాంత పశువైద్యుడు ముక్కామల కాశీపతిగారి వద్ద జీపొకటి యున్నదని చెప్పెను. మరునాడే పాపతో సహా నలుగురును వెళ్లిరి. ఆ జీపునకు అందమన్నది లేదు. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు. ఆసనములు చెక్కబల్లలకు అన్నదమ్ములు. ముప్పదియేండ్లు మన్యపు పశువుల మందులు మోసిన దాని మేన ఫినాయిలు వాసన. సుబ్బాయమ్మ యెక్కి గాలి పీల్చి “ఇది మందుల కంపు. ఇది మంచిదే,” అని తీర్పు చెప్పెను.

కాశీపతిగారు సన్నగా పొడవుగా నుండు డెబ్బదియేండ్ల వృద్ధుడు. కొనువారు బండిని పరీక్షించుట లోకాచారము. ఆయన కొనువారినే పరీక్షింపసాగెను. కొండలలో షికారు తిరుగుటకని వచ్చిన ఇద్దరిని అంతకుముందే త్రిప్పి పంపెనట. లహరి సంగతి విని ఆయన పాపను దగ్గరకు పిలిచి, కనురెప్ప క్రింద నెత్తురు చాయ చూచెను.

“తోలేదెవరండీ?”

“నేనేనండి,” అనెను శంకరము.

“మీరు ఊళ్ళో లేని రోజునండీ?”

శంకరము భార్యవంక చూచెను.

“అయితే ముందు అమ్మాయిగారు నేర్చుకోవాలండీ. తరవాతే బేరం.”

ఇట్టి బేరము లోకమున నెవ్వరైన వినిరా? కాంతమణి ఇరువది దినములు లహరిని వెంటబెట్టుకొని గోకవరము పోయి గుట్టల నడుమ, గుంటల నడుమ ఆ జీపు తోలుట నేర్చెను. ఆయన రోజును ఒక్క విషయమే నూరిపోసెడివాడు. ఆ పాతకాలపు జీపునకు లోపలి పిడి లాగినంత మాత్రమున ముందు చక్రములు బలమందుకొనవు. దిగి, రెండు ముందు చక్రముల నడుమనున్న బిళ్ళలను చేతితో త్రిప్పి బిగింపవలెను. అది మరచినచో లోని పిడి యుత్త అలంకారము.

“ఒక్కసారి మర్చిపోయానమ్మా నేను,” అని ఆయన ఒకనాడు చెప్పెను. “కొండమీద ఒక కొండరెడ్డి వాళ్ళింట్లో గేదె ఈనలేక అల్లాడుతోందని కబురొచ్చింది. ఆ తొందరలో బిళ్ళలు తిప్పకుండా వాగులో దిగాను. రెండు గంటలు నడివాగులో కూరుకుపోయాను. వెళ్ళేసరికి తల్లీ లేదు, దూడా లేదు. ఆ ఇంటికి అదొక్కటే గేదె. ఆ మహానుభావుడు నన్ను పల్లెత్తు మాటనకుండా, తడిసిపోయారు బాబూ అని ఇంత అన్నం పెట్టాడు. ఆ అన్నం ఇప్పటికీ నా గొంతు దిగలేదమ్మా.”

లహరి ప్రక్కన కూర్చుండి చింతచిగురు నములుచు సర్వము వినెను. ఆషాఢమున బేరము కుదిరి జీపు పందిరిమెట్టకు చేరెను. ఒక వెదురుకఱ్ఱకు మోకాలి యెత్తున గుర్తు పెట్టి యిచ్చి “నీళ్ళు దీన్ని దాటితే దిగొద్దు. బండుంది కదా అని వాగుతో పంతం పెట్టుకోకండి,” అని మాత్రము ఆయన హెచ్చరించెను.

శ్రావణము వచ్చెను. నెత్తురెక్కింపవలసిన దినమునకు ముందటి దినమున శంకరము జీడిపిక్కల బేరమునకు కాకినాడ పోగా ఆ సాయంకాలము మొదలుకొని కుంభవృష్టి కురిసెను. తెల్లవారుసరికి ఫోనులు మూగవోయెను. బస్సులు తారురోడ్డు దాటి లోనికి రావయ్యెను. వృద్ధుడు మున్ను భయపడినట్లే శంకరము ఊళ్ళో లేని రోజు రానే వచ్చెను. లహరి పెదవులు అప్పటికే పాలిపోయియుండెను. కాంతమణి వాగొడ్డున కఱ్ఱ ముంచి చూచుచు రెండు గంటలు కాచుకొనెను. తొమ్మిదింటికి నీరు గుర్తు క్రిందికి దిగెను. ఆమె పరుగునవచ్చి పాపను ముందు, అత్తగారిని వెనుక కూర్చుండబెట్టి, పిడి లాగి, బండిని కదల్చెను. ముందు చక్రములు నీటియంచు తాకెను.

“అమ్మా! డాక్టరు తాతగారి గేదె!” అని లహరి కేకవేసెను.

కాంతమణి కాలు బ్రేకుపై పడెను. ఆమె బిళ్ళలు మరచియుండెను! “నా తల్లే, నా బంగారు తల్లే!” యని వానలోనికి దూకి కుడిబిళ్ళ త్రిప్పి, చుట్టివచ్చి ఎడమబిళ్ళ త్రిప్పి, చీరకు చేతులు తుడుచుకొని మరల నెక్కెను. జీపు నెమ్మదిగా వాగు దిగెను. ఆవలిగట్టున గత యేడు ఆటోను మ్రింగిన బురదలోనే వెనుక చక్రములు జర్రున జారెను. సుబ్బాయమ్మ కన్నులు మూసుకొని గోదావరి తల్లికి మ్రొక్కుచుండెను. అంతట ముందు చక్రములు గట్టిమట్టిని కరచిపట్టి, మూలుగుచు, ఆ ముగ్గురిని మీదికి లాగికొనిపోయెను.

గట్టుపైన గొడుగు క్రింద ఒక వృద్ధుడు భుజమున మోకుచుట్టతో నిలిచియుండెను. కాశీపతిగారు! పాప దినమును తన క్యాలెండరుపై గుర్తించుకొని, వాన చూచి, తొలిబస్సున వచ్చి, దిగినచోటి నుండి నడిచి వచ్చెనట. ఆయన జీపు వద్దకు వచ్చెను. వంగి ముందు చక్రపు బిళ్ళను చూచెను. ఆవలికి పోయి రెండవదానిని చూచెను.

“తిప్పేరమ్మా,” అనెను.

“నేను మర్చిపోయానండి. ఇదే గుర్తుచేసింది,” అని కాంతమణి యేడ్చెను.

“గేదె గుర్తొచ్చింది తాతగారూ,” అనెను లహరి.

సుబ్బాయమ్మ బండి దిగి బురదలోనే నిలిచి ఆయనకు చేతులు జోడించెను. “ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటేక బోడిమల్లయ్య అనే జాతి కాదండి మాది. మా పిల్ల బతికున్నంతకాలం మిమ్మల్ని తలుచుకుంటాది.”

ఆయన “నాకెందుకమ్మా దండం? ఇన్నాళ్ళకి ఆ అన్నం గొంతు దిగింది,” అని కళ్ళజోడు తుడుచుకొనుచు జీపెక్కి సుబ్బాయమ్మ ప్రక్కన కూర్చుండెను.

మధ్యాహ్నమునకు ఆసుపత్రి మంచముపై బాలిక మేన నెత్తురు బొట్టు బొట్టుగా దిగుచుండెను. సంధ్యవేళకు పెదవులకు దానిమ్మపువ్వు చాయ వచ్చెను. నాటినుండి ఆ యింట విజయదశమినాడు జీపు ముందు చక్రముల బిళ్ళలు రెంటికిని లహరి పసుపు పూసి కుంకుమ దిద్దును. పిదప పచ్చగడ్డి ఒక పిడికెడు కోసికొనిపోయి, తానెన్నడును చూడని ఆ కొండమీది గేదె పేరు తలచి, వీధిలో మొదట నెదురైన గేదెకు తినిపించి వచ్చును.