తువ్వాలు కూడా ఇచ్చేశాడు

శుక్రవారం ఇస్తానన్న బట్టలు శుక్రవారం ఇచ్చిన పాపాన నేనెప్పుడూ పోలేదు. వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. పదో తారీకున కావలసినవాళ్ళు నాకు ఐదో తారీకని చెబుతారు. నేను ఎనిమిదిన ఇస్తాను, అందరం సుఖంగా ఉంటాం. అలాంటి నా దగ్గరికి బుధవారం మధ్యాహ్నం ఎదురింటి డ్రైవరు వచ్చి, ప్యాంటూ చొక్కా బల్ల మీద పెట్టి, "లూజు తగ్గించాలి. శుక్రవారానికి కావాలి మాస్టారూ, మాట తప్పకండి" అన్నాడు.

అతను ఎదురు మేడ మీద గదిలో ఒక్కడే ఉంటాడు. నలభై దాటి ఉంటాయి. సిటీ బస్సు నడిపేవాడు. ఎనిమిది నెలల క్రితం ఒక పెద్దాయన ఉన్నట్టుండి రోడ్డుకి అడ్డం వచ్చి అతని బస్సు కింద పడి చనిపోయాడు. డ్రైవరు తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. డ్యూటీకి రమ్మని రెండుసార్లు కబురు పెట్టారు. ఇతను వెళ్ళలేదు. పలకరిస్తే తలూపి తప్పుకుంటాడు. నాలుగుసార్లు అలా తప్పుకున్నాక నాకు చిర్రెత్తుకొచ్చి పలకరించడం మానేశాను.

నడుముకి టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టాడు. "వదులు బాబూ, ఫోటో తీయడం లేదు" అన్నాను. నవ్వలేదు. నా జోకులకి మా ఆవిడే నవ్వదు, అది వేరే విషయం. పాత కొలతకి నాలుగంగుళాలు తగ్గాడు. భుజం పట్టుకుని ఇటు తిప్పితే ఉలిక్కిపడ్డాడు. మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

"ఏమిటి విశేషం?" అనడిగాను.

"ఊరెళ్తున్నా."

"మళ్ళీ రావడం ఎప్పుడు?"

అతను పెద్ద సంచి ఒకటి బల్ల మీదికి ఎత్తాడు. "ఇవి ఎవరికైనా ఇచ్చేయండి. అన్నీ ఉతికినవే" అని వెళ్ళిపోయాడు.

నేను సిగ్గులేకుండా సంబరపడ్డాను. మంచి గుడ్డ చూస్తే నాకు ఒళ్ళు తెలియదు. కాజాలు కుట్టే పని మా ఆవిడది. ఆవిడ సూది పక్కన పెట్టి సంచిలోంచి ఒక్కొక్కటే తీసి మడతలు చూసింది. ఆరు చొక్కాలు, దుప్పటి, స్వెట్టరు. అడుగున తువ్వాలు. అక్కడ ఆవిడ చెయ్యి ఆగింది.

"ఏమండీ, ఊరెళ్ళేవాడు తువ్వాలు ఇచ్చేస్తాడా?"

"కొత్తది కొనుక్కుంటాడులే."

"ఉన్న ఒక్క స్వెట్టరూ ఇచ్చేశాడు. ముందున్నది చలికాలం."

"నీకన్నీ అనుమానాలే" అని కసిరాను. కసిరానే గానీ ఆ తువ్వాలు మడత నేనూ విప్పి చూశాను.

గురువారమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించాను. పదకొండింటికి ఇక ఉండబట్టలేక, ప్యాంటు పొడవు మళ్ళీ కొలవాలనే వంకతో ఎదురు మేడ ఎక్కాను. తలుపు సగమే తీశాడు. ఆ సందులోంచి చూడగలిగినంతా చూశాను. పరుపు చుట్టి గోడకి ఆనించి ఉంది. గిన్నెలు తోమి ఒక పెట్టెలో పేర్చి ఉన్నాయి. నేల మీద కడిగిన తడి ఇంకా ఆరలేదు. కొలిచిన పొడవే మళ్ళీ కొలిచి దిగొచ్చాను.

"అడిగారా?" అంది మా ఆవిడ.

"ఏమని అడగను? అడిగి, లేని ఆలోచన పుట్టిస్తే?"

"ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మనం అడిగితే పుట్టేదేమిటి? పోనీ, రేపు వస్తాడుగా, నేనడుగుతాను."

"రేపటిదాకా ఆగుతాడా?" అన్నాను.

ఆ బట్టలు వేసుకునే వెళ్ళాలనుకుంటున్నాడు కాబట్టి అవి చేతికందేదాకా ఆగుతాడని మళ్ళీ నేనే అన్నాను. ఆగుతాడని నాకు మాత్రం ఎవరు చెప్పారు? అందుకే అవి శుక్రవారానికి తయారు కాకూడదని బ్లేడు తీసుకుని ఆ ప్యాంటు కుట్లన్నీ విప్పి నాలుగు ముక్కలు చేసి పడేశాను. సాయంత్రం గుండీల రంగు అడిగే వంకతో మళ్ళీ మేడ ఎక్కాను. "ఉన్నవే ఉంచండి" అన్నాడు. ఉన్నాడు, అది చాలు. తిరిగి వస్తూ మెట్ల మీద నన్ను నేను తిట్టుకున్నాను. వాగుడుకాయని ఊరంతా అనే మనిషిని, ఒక్క ప్రశ్న అడగలేకపోయాను.

శుక్రవారం పదింటికల్లా వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు, తల దువ్వుకున్నాడు.

"అయ్యాయా?"

"కాలేదు."

"మాటిచ్చారు మాస్టారూ." మొదటిసారి అతని గొంతు లేచింది.

"ఇచ్చాను. నా మాట సంగతి వీధిలో ఎవర్నైనా అడుగు. నువ్వూ ఓ చెయ్యి వేస్తే త్వరగా అవుతుంది. కూర్చో, ఆ జేబు కుట్లు విప్పు" అంటూ అలవాటు కొద్దీ బ్లేడు అందించాను.

ఏం అందించానో తెలియడానికి రెండు క్షణాలు పట్టింది. బల్ల మీదుగా పడి లాక్కున్నాను. నా వేలు తెగింది. గుండీల డబ్బా బోర్లాపడి గుండీలన్నీ గదంతా దొర్లాయి. అతను నా చేతిలో బ్లేడు చూశాడు, ముక్కలై ఉన్న తన ప్యాంటు చూశాడు, నన్ను చూశాడు.

"మీకు తెలిసిపోయిందా?" అన్నాడు.

మా ఆవిడ సూది గుడ్డలో గుచ్చి, స్టూలు అతని దగ్గరగా జరుపుకుని కూర్చుంది. "నాయనా, చచ్చిపోదామనుకుంటున్నావా?" అంది. ఏ రంగు దారం కావాలని అడిగినట్టే అడిగింది.

అతను ఉలిక్కిపడలేదు.

"అవునమ్మా. ఇవాళే."

ఆ తర్వాత ఆగకుండా మాట్లాడాడు. "తప్పు లేదన్నారు. అందరూ అదే అన్నారు. మరి ఆయన లేడు కదా? ఆయన చేతి సంచి రోడ్డు మధ్యలో పడిపోతే తీసి పక్కన పెట్టింది నేను. ఎవరూ తొక్కకూడదని పక్కన పెట్టాను. రోజూ అదే పక్కన పెడుతున్నా. నిద్రలో కూడా అదే."

నాకు ఏడుపు రావలసిన చోట కోపం వస్తుంది, నా పుట్టుకే అంత. "ఎనిమిది నెలలు ఎదురుగా ఉన్నానయ్యా. ఒక్క ముక్క చెప్పలేకపోయావా?" అని అరిచాను.

"మీరు అడగలేదు మాస్టారూ" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఉన్నమాట అన్నాడు. తల దించుకున్నాను.

మా ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. "నీకెవరున్నారు నాయనా?"

"అక్క ఉంది. మాట్లాడి ఎనిమిది నెలలైంది."

"కోపమా?"

"కాదు. మొహం చెల్లక."

ఫోను తీయమంది. స్విచాఫ్ చేసి ఉంది. ఆన్ చేసి నంబరు నొక్కాడు గానీ చెవి దగ్గర పెట్టుకోలేకపోయాడు. బల్ల మీద ముక్కల మధ్య పెట్టి స్పీకరు వేశాడు. ఒక్క రింగు పూర్తిగా మోగకముందే ఎత్తింది.

"ఒరేయ్. ఎక్కడున్నావురా?"

"కుట్టు షాపులో ఉన్నానక్కా." ఫోను మీదికి వంగి, "నాకు బతకాలని లేదక్కా" అన్నాడు.

అటువైపు ఏదో కింద పడిన చప్పుడు. ఆమె గొంతు సన్నబడింది. "పక్కన ఎవరున్నార్రా?"

అతను మా ఆవిడని చూశాడు. గుడ్డముక్క చుట్టిన వేలితో నిలబడిన నన్ను చూశాడు. మాకూ అతనికీ ఏ చుట్టరికమూ లేదు.

"మనవాళ్ళే అక్కా" అన్నాడు.

"ఫోనివ్వు" అంది ఆమె. నేను అందుకుని హలో అన్నాను. "బాబాయ్ గారూ, నాకు మూడు గంటల దారి. ఇప్పుడే బయల్దేరుతున్నా. రాగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా. అంతవరకూ వాణ్ణి ఒక్కణ్ణి వదలకండి."

"వదలనమ్మా" అన్నాను.

నా జన్మలో అంత పొడవైన మూడు గంటలు లేవు. అతను లేచినప్పుడల్లా నేనూ లేచాను. గుమ్మం దాకా వెళ్తే గుమ్మం దాకా వెళ్ళాను. ఒకసారి విసుక్కుని, "పారిపోను మాస్టారూ" అన్నాడు. "పారిపోతే నీ వెనక పరిగెత్తే వయసు కాదు నాది, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. కాసేపాగి నేల మీద గుండీలు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ వంగి ఏరాను.

ఒంటిగంటన్నరకి ఆటో ఆగింది. జుట్టు నెరుస్తున్న ఒకావిడ, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులతో దిగింది. మా వైపు చూడలేదు. తిన్నగా వచ్చి తమ్ముడి జబ్బ మీద ఒక్కటి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.